అడుగున మిగిలిన సోయాపాలు

గడియారాల మాస్టారి దుకాణంలో తోలు పట్టీ దొరకదు. గుడ్డ పట్టీ ఉంటుంది, ఉక్కు పట్టీ ఉంటుంది, నారతో అల్లిన పట్టీ కూడా ఉంటుంది. తోలు పట్టీ కావాలని నోరు జారిన పాపానికి ఆవు పుట్టుక దగ్గర్నుంచి పావుగంట ఉపన్యాసం వినాలి. ముప్పై ఏళ్ళుగా ఆయన మొక్క నుంచి రానిదేదీ నోట పెట్టలేదు, ఒంటి మీద వేసుకోలేదు. పాలు లేవు, గుడ్డు లేదు, చలికాలంలో ఉన్ని కోటు కూడా లేదు. పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య వంటింట్లో చెంచాడు తేనె నాకుతూ దొరికిపోయింది. తేనెటీగలు పడే కష్టం గురించి మాస్టారు ఆవిడకి మూడు నెలలు చెప్పారు. భోజనం దగ్గర చెప్పారు, బట్టలు ఆరేసే చోట చెప్పారు, ఆవిడ తలనొప్పని పడుకుంటే మంచం పక్కన కుర్చీ వేసుకుని మరీ చెప్పారు. ఆవిడ కిమ్మనకుండా విని, ఆ మూడు నెలల్నీ మనసులో భద్రంగా దాచుకుంది.

ఆవిడ ముప్పై రెండేళ్ళు ఉత్తరాలు పంచి కిందటేడే రిటైరైంది. వీధిలో అందరికీ ఆవిడ పోస్టమ్మ. ఎండనకా వాననకా సంచీ భుజాన వేసుకుని మేడలెక్కి దిగిన మనిషి. కవరు చింపకుండానే లోపల ఉన్నది పెళ్ళి పిలుపో కోర్టు నోటీసో చెప్పేయగలదు. మనుషుల మొహాలూ ఆవిడకి కవర్ల లాంటివే.

దుకాణం వెనకే ఉన్న ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా తెగని తగువులు రెండున్నాయి. మొదటిది వంటింటి గడియారం. తెల్లారేసరికి తపాలా బండి అందుకోవాల్సిన ఉద్యోగం కాబట్టి పోస్టమ్మ దాన్ని నాలుగు నిమిషాలు ముందుకు జరిపి పెట్టుకునేది. క్షణం తేడా వస్తే ఒళ్ళు మండే మాస్టారు ప్రతి ఆదివారం కుర్చీ ఎక్కి దాన్ని సరిచేసేవారు. సోమవారానికల్లా అది మళ్ళీ నాలుగు నిమిషాలు ముందుండేది. ఉద్యోగం అయిపోయింది గానీ తగువు అవలేదు.

రెండోది సోయాపాలు. సోయా అంటే మాస్టారు చెవి కోసుకుంటారు. పొద్దున గ్లాసుడు సోయాపాలు, మధ్యాహ్నం టోఫు, సాయంత్రం వేయించిన సోయా గింజలు. టోఫులో నీళ్ళు పిండటానికి దాని మీద పెట్టే బరువు కూడా పాత గోడ గడియారంలోంచి తీసిన ఇనప గుండే. "సోయాలో లేనిది లేదు" అని రోజుకొకసారైనా అనకపోతే ఆయనకి తిన్నది అరగదు. అయితే పాల డబ్బా మీద "బాగా కుదిపి వాడండి" అని రాసి ఉంటుంది. ఆ ముక్క ఆయనకి గిట్టదు. ఆగిపోయిన గడియారాన్ని కుదిపి కుదిపి పాడుచేసి, ఆఖరికి తన బల్ల మీద పడేసే జనాన్ని చూసి చూసి, కుదపడమంటేనే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ ఇంట్లో ఎవరూ ఏదీ కుదపకూడదు. డబ్బాని పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి, పై తేట మాత్రం తన గ్లాసులోకి వంచుకునేవారు. అడుగున సుద్దలా చిక్కగా మిగిలినదాన్ని "ఆ మట్టి నువ్వు తాగు" అని భార్యకి వదిలేసేవారు. పోస్టమ్మ ఆ మట్టిని ఒక్క గుక్కలో తాగి మూతి తుడుచుకునేది.

ఇక ఆయన ప్రాణం ఉన్న చోటు వేరే ఉంది. దుకాణం ఎదురుగా, నగర కార్యాలయం నెత్తిన, నూట నాలుగు మెట్ల పైన పెద్ద గడియారం ఉంది. ఇరవై రెండేళ్ళుగా ప్రతి సోమవారం పొద్దున మాస్టారు పైకెక్కి దానికి కీ ఇస్తున్నారు. ఒకసారి కీ ఇస్తే తాడుకి వేలాడే బరువు మెల్లమెల్లగా దిగుతూ ఎనిమిది రోజులు లాక్కొస్తుంది. బరువు నేల తాకిందా, గడియారం ఆగినట్టే. కీ ఇచ్చిన ప్రతిసారీ ఆయన లోపలి గోడ మీద సుద్దముక్కతో ఒక నిలువు గీత గీస్తారు. పిల్లలు లేని ఆ మనిషికి ఆ గీతలే వంశవృక్షం.

ఒక శుక్రవారం ఆ కార్యాలయంలోని భవనాల ఆఫీసరు దగ్గర్నుంచి కాగితం వచ్చింది. రాబోయే మూడు నెలల్లో గడియారం ఒక్కసారి ఆగినా కరెంటు మోటారు బిగిస్తామనీ, ఆ తర్వాత తమరి సేవలు అక్కర్లేదనీ దాని సారాంశం.

"ఇరవై రెండేళ్ళలో ఎన్నిసార్లు ఆగిందంట?" అని మాస్టారు ఒంటికాలి మీద లేచారు. ఆ లేవడంలో బల్ల పట్టుకుని లేచిన సంగతి పోస్టమ్మ చూసింది. ఏడాదిగా ఆయనకి తొడలూ నడుమూ ఒకటే నొప్పి. కుర్చీలోంచి లేవాలంటే మూడు ఆలోచనలు కావాలి. ఎవరికైనా చెబితే సోయా పరువు పోతుందని ఆయన పళ్ళ బిగువున దాచుకుంటున్నారు.

సోమవారం వచ్చింది. మాస్టారు మెట్లెక్కడం మొదలుపెట్టారు. ముప్పై ఒకటో మెట్టు దగ్గర కాళ్ళు ఇక రామన్నాయి. గోడ పట్టుకున్నారు, ఊపిరి పీల్చుకున్నారు, ఇంకో కాలు ఎత్తబోయారు. కాలు లేవలేదు. పావుగంట అక్కడే కూర్చుని, కూర్చున్నది కూర్చున్నట్టే ఒక్కో మెట్టూ జారుతూ కిందికి వచ్చారు.

"కీ ఇచ్చారా?" అంది పోస్టమ్మ.

"ఇవ్వక?" అన్నారు మాస్టారు, నీళ్ళు నములుతూ.

ఆయన ప్యాంటు వెనక సున్నం, మెట్ల దుమ్ము, ఒక సాలెగూడు. పోస్టమ్మ ఆ వెనక భాగాన్ని తీరిగ్గా చదివి, టోఫు మీద ఇనప గుండు పెట్టింది.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి బరువు నేల తాకాలి. మాస్టారు లెక్క తప్పదు. రెండున్నర నుంచీ ఆయన దుకాణం గుమ్మంలో కూర్చుని, ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాడిలా పైకి చూస్తున్నారు. మూడయింది. మూడుంపావయింది. మూడున్నరకి గంట కొట్టింది. నాలుగు కూడా కొట్టింది. ముందు ఆయనకి ఆనందంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది. కీ ఇవ్వని గడియారం నడుస్తోందంటే అర్థం ఒక్కటే. ఆఫీసరు మూడు నెలలు కూడా ఓపిక పట్టలేదు. మోటారు అప్పుడే బిగించేశాడు, మొహం మీద చెప్పలేక ఊరుకున్నాడు.

పోనీ వెళ్ళి అడుగుదామంటే నోరెలా వస్తుంది? "నా గడియారాన్ని ఎవరు నడిపిస్తున్నారండీ" అంటే "అయితే మీరు నడిపించడం లేదా" అంటారు. పైకెక్కి చూద్దామంటే కాళ్ళు లేవు. అడగలేక, ఎక్కలేక, బుధవారం పొద్దున ఆయన ఇంకోటి గమనించారు. పెద్ద గడియారం నాలుగు నిమిషాలు ముందు నడుస్తోంది.

"మోటారు గాడిదకి టైమంటే ఏం తెలుసు" అని పళ్ళు కొరుక్కుని, అదే కోపంలో ఎముకల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. భార్య వెంట వస్తానంటే వద్దనడానికి కూడా ఓపిక లేకపోయింది.

రక్తపరీక్ష కాగితం వచ్చాక డాక్టరమ్మ దాన్ని ఆయన వైపు తిప్పింది. "విటమిన్ డి ముప్పై దాకా ఉండాలి. మీకు తొమ్మిది ఉంది. తొడల్లో బలం అందుకే పోయింది."

"కుదరదే. నేను రోజూ సోయా తింటాను."

"తినండి, మంచిదే. కండకి కావాల్సిన మాంసకృత్తులు దొరుకుతాయి. కానీ విటమిన్ డి ఆ గింజలో ఉండదండీ. పాల డబ్బాలో ఉన్నది కంపెనీ వాళ్ళు కలిపింది, అదీ కొంచెమే. మిగతాది ఎండ ఇవ్వాలి. పగలంతా ఎక్కడుంటారు?"

"దుకాణంలో."

"ఎండ వస్తుందా?"

"ఎండ పడితే గడియారాలకి వేసే నూనెలు ఆరిపోతాయి. తెర వేసి ఉంచుతా."

డాక్టరమ్మ నిట్టూర్చింది. "పోనీ ఆ పాలైనా కుదిపి తాగుతున్నారా? కలిపిన క్యాల్షియం అడుక్కి దిగిపోతుంది."

మాస్టారు రక్తపరీక్ష కాగితాన్ని మడతపెట్టసాగారు. పోస్టమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. బయట చూడాల్సింది ఏమీ లేదు, పార్కింగు గోడ తప్ప. మాట వరసకి ఆవిడకి కూడా పరీక్ష చేస్తే నలభై ఒకటి వచ్చింది.

వారానికొక మాత్ర, పన్నెండు వారాలు. ఎక్కువ వేసుకుంటే త్వరగా బాగవుతుందనుకోవద్దనీ, ఒంట్లో పేరుకుని కీడు చేస్తుందనీ డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. రోజూ కాసేపు ఎండలో కూర్చోవాలి. మళ్ళీ చెప్పేదాకా మెట్ల జోలికి పోకూడదు.

మాస్టారు మాత్రల సీసా కొనుక్కొచ్చి, దానితో వచ్చిన కాగితం మడతలు విప్పారు. అంత సన్నని అక్షరాలు మామూలు మనిషి చదవలేడు. కంపెనీ వాళ్ళ ధైర్యం కూడా అదే. కానీ ఈయన కంట్లో బిగించుకునే అద్దం ఉన్న మనిషి. అద్దం బిగించి మొదటి నుంచి చదువుకుంటూ వచ్చి, వెనక వైపు అడుగు వరసలో ఆగిపోయారు. ఈ మందు గొర్రె ఉన్నికి పట్టే మైనం నుంచి తయారైందట. పై తొడుగు జంతువుల ఎముకల జిగురుతో చేసిందట.

ఆయన అద్దం తీసి బల్ల మీద పెట్టారు. కాసేపటికి మళ్ళీ బిగించుకుని చదివారు. గొర్రె గొర్రెలాగే ఉంది.

మింగితే ముప్పై ఏళ్ళ మాట పోతుంది. మింగకపోతే కాళ్ళు రావు. కాళ్ళు రాకపోతే ఆ మెట్లెక్కి, ఆ మోటారుని ఒక్కసారైనా చూసి, తన గీతలు ఉన్నాయో సున్నం కొట్టి చెరిపేశారో తెలుసుకునే దారి లేదు. సీసాని "పాత స్ప్రింగులు" అని రాసి ఉన్న సొరుగులో దాచి, నాలుగు రోజులు తిండి సరిగా తినలేదు. సోమవారం పొద్దున సొరుగు తెరిచి, దాని మొహం చూడలేక కళ్ళు గట్టిగా మూసుకుని, ఒకటి గొంతులో వేసుకున్నారు.

"డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు మొక్కలవేనా?" అని ఆ మధ్యాహ్నం పోస్టమ్మ అడిగింది.

"మొక్కలవే" అన్నారు మాస్టారు. ఆయన ఆవిడతో ఆడిన రెండో అబద్ధం అది. మొదటిది అంతకు ముందు సోమవారం ఆడారు.

"అయితే సరే" అని ఆవిడ టోఫు ముక్కలు వడ్డించింది. వడ్డిస్తూ వడ్డిస్తూ, "ఏవండీ, ఉన్ని కత్తిరించేస్తే పాపం గొర్రెలకి చలేయదూ?" అంది.

ముక్క ఆయన గొంతుకి అడ్డం పడింది.

ఆనాటి నుంచి ఏం మాయో, ప్రతి సోమవారం భోజనాల దగ్గరికి గొర్రెల ప్రస్తావన వచ్చేది. ఒక వారం గొర్రెలకి మనుషుల మొహాలు గుర్తుంటాయట, పత్రికలో చదివిందట. ఇంకో వారం ఆవిడ ఉత్తరాలు పంచే రోజుల్లో ఊరి చివర ఒక గొర్రె తన వైపు అదోలా చూసేదట. ఎనిమిదో వారం మబ్బుల వైపు చూపించి, "అది అచ్చు గొర్రెలా లేదూ?" అంది. రాత్రిళ్ళు మాస్టారి కలలో ఒక గొర్రె దుకాణానికొచ్చి తోలు పట్టీ బేరం చేసేది.

పగళ్ళు ఇంకో నరకం. డాక్టరమ్మ మాట ప్రకారం రోజూ చొక్కా చేతులు పైకి మడిచి, పేవ్‌మెంటు మీద స్టూలేసుకుని కూర్చునేవారు. ఎదురుగా పెద్ద గడియారం నాలుగు నిమిషాలు ముందుగా, ఏ బెరుకూ లేకుండా నడుస్తూ ఉండేది. దారిన పోయేవాళ్ళు "ఏం మాస్టారూ, గడియారం బ్రహ్మాండంగా నడుస్తోందే" అంటే, నిప్పులు మింగినట్టు మింగి నవ్వేవారు. పోస్టమ్మ మాత్రం ప్రతి సోమవారం ఆయన మధ్యాహ్నం కునుకు తీసే వేళకి గుడ్డ సంచీ పట్టుకుని బజారుకి వెళ్ళొచ్చేది. ఒక్కోసారి సంచీలో కూరలు ఉండేవి, ఒక్కోసారి ఉండేవి కావు.

అయినా మందు మందే. ఐదో వారానికి నొప్పి తగ్గుముఖం పట్టింది. ఎనిమిదో వారానికి బల్ల పట్టుకోకుండా లేచారు. పన్నెండు వారాలయ్యాక పరీక్షలో ముప్పై నాలుగు వచ్చింది.

"మాత్రలతో ఇబ్బందేం లేదు కదా?" అని అడిగి, డాక్టరమ్మ ఎందుకో దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకుంది. "ఇక మెట్లెక్కచ్చు. మెల్లిగా ఎక్కండి."

ఆ శనివారమే భవనాల ఆఫీసరు స్వయంగా దుకాణానికొచ్చాడు. మాస్టారు చేతిలో పట్టకారు పక్కన పెట్టి, వినాల్సింది వినడానికి సిద్ధమయ్యారు.

"మూడు నెలలు గడిచాయి మాస్టారూ. ఒక్కసారి కూడా ఆగలేదు. మోటారు ఫైలు మూసేశాం."

"మూసేశారా? అంటే బిగించలేదా?"

"ఆగనిదానికి ఎందుకు బిగిస్తాం? వారం వారం మీరు కీ ఇస్తుంటిరి గదా." ఆఫీసరు కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. "ఇంకో మాట. మీరు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, అది నాలుగు నిమిషాలు ముందు నడుస్తోంది. ఈ మూడు నెలల్లో మా ఆఫీసుకి ఒక్కడు ఆలస్యంగా రాలేదు. బస్సు తప్పిపోయిందన్న మాటే వినలేదు. పైవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. దయచేసి దాన్ని సరిచేయకండి. అదొక్కటే మా షరతు."

ఆఫీసరు వెళ్ళిపోయాడు. మోటారు లేదు. మరి ఇన్ని వారాలు కీ ఎవరిచ్చారు? మాస్టారు చూపు మెల్లిగా లోపలికి మళ్ళి, ఇంటి గుమ్మం తెర దాటి, వంటింటి గోడ మీద ఆగింది. ఆ గోడ మీది గడియారం నాలుగు నిమిషాలు ముందుంది. దాని కింద పోస్టమ్మ టోఫు మీద ఇనప గుండు సర్దుతోంది. ఐదు సేర్ల గుండుని ఒంటి చేత్తో పట్టుకుంది.

ఆ ఆదివారం ఆయన వంటింటి గడియారం జోలికి పోలేదు.

సోమవారం పొద్దున నూట నాలుగు మెట్లూ ఎక్కారు. రెండుసార్లు ఆగారు గానీ ఎక్కారు. గోడ మీద తన గీతలు వరసగా అలాగే ఉన్నాయి. ఆఖరి గీత పక్కన సుద్దతో గీసిన సున్నాలు, ఒక్కోదాని మధ్య తేదీ, ఉత్తరం మీద తపాలా ముద్ర కొట్టినట్టు. పదమూడున్నాయి. మొదటిది ఆయన ముప్పై ఒకటో మెట్టు దగ్గర కూలబడిన రోజుది.

ఆయనకి ఏడుపొచ్చింది. మూడు నెలలుగా ఊరంతటినీ, ఆఫీసరునీ, లేని మోటారునీ తిట్టుకున్నారు. తనకోసం ఎవరైనా ఈ మెట్లెక్కి ఉంటారన్న ఆలోచన ఒక్క క్షణం కూడా రాలేదు. దానికి సిగ్గేసింది.

వెనక మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పోస్టమ్మ గుడ్డ సంచీతో పైకొచ్చింది. ఆవిడకి ఆయాసం కూడా లేదు.

"గడియారం గది తాళం చెవి ఇంట్లో మేకుకి లేదు. ఇక్కడే ఉంటారనుకున్నా" అంది.

"చెప్పచ్చు కదే."

"మీరు కీ ఇచ్చానన్నారు. మొగుడి మాట కాదనడం ఎందుకని."

మాస్టారు తల వంచుకున్నారు. ఇంత చేసిన మనిషి దగ్గర ఇంకా దాచడం ఆయన వల్ల కాలేదు. "నేను ఇంకో తప్పు కూడా చేశాను. ఆ మాత్రలు మొక్కలవి కావు. గొర్రె ఉన్ని మైనంతో చేసినవి. తెలిసే మింగాను. వారానికొకటి."

"అంటే మొత్తం ఎన్ని?" అంది పోస్టమ్మ, చాలా గంభీరంగా.

"పన్నెండు."

"పన్నెండు గొర్రెలు" అని ఆవిడ నెమ్మదిగా తలూపింది. ఆయన్ని ఆ మాట కింద కాసేపు నలగనిచ్చి, అప్పుడు గోడకి చేరబడింది. "ఒక్కటి కూడా లేదు లెండి. మీ కంటి అద్దం పెట్టుకుని ఆ కాగితం నేనూ చదివాను. డాక్టరమ్మని అడిగితే రాళ్ళ మీద పెరిగే నాచులాంటి దానితో చేసినవి, అదే మోతాదువి రాసిచ్చింది. మీరు మొదటిది మింగకముందే సీసాలో మార్చేశా. ఒక్కసారైనా కళ్ళు తెరిచి మింగి ఉంటే మీకే తెలిసేది, రంగు వేరు."

"మరి ఆ గొర్రెల కబుర్లు?" అన్నారు మాస్టారు.

"పెళ్ళైన కొత్తలో చెంచాడు తేనె నాకితే, తేనెటీగల గురించి నాకు మూడు నెలలు చెప్పారు. గుర్తుందా?"

గుర్తుంది. ఆయన ఇనప చక్రాల వైపు చూశారు, గోడ వైపు చూశారు, ఎటు చూసినా తప్పించుకునే చోటు లేదు. చివరికి నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ తొడలు పట్టుకున్నారు. ఈసారి నొప్పి వల్ల కాదు.

పోస్టమ్మ సంచీలోంచి సోయాపాల డబ్బా, రెండు గ్లాసులు తీసింది. డబ్బాని ఆయన చేతిలో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. మాస్టారు దాన్ని కాసేపు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, కుదిపారు. ముందు బెరుగ్గా, తర్వాత గట్టిగా కుదిపారు. రెండు గ్లాసుల్లోకీ ఒకే రంగు పాలు వచ్చాయి.

తాగాక ఇద్దరూ చెరో చేయీ వేసి కీ ఇచ్చారు. బరువు పైకి చేరింది. మాస్టారు అలవాటుగా జేబు గడియారం తీసి పెద్ద గడియారంతో పోల్చి చూశారు. నాలుగు నిమిషాలు తేడా. ఇరవై రెండేళ్ళుగా ఏనాడూ క్షణం తప్పనిది ఆ జేబు గడియారం, ఊళ్ళో వాళ్ళంతా టైము సరిచూసుకునేది దాన్ని చూసే. పోస్టమ్మ గ్లాసులు సంచీలో సర్దుకుంటూ ఓరకంట చూస్తోంది.

మాస్టారు జేబు గడియారం పిన్ను పైకి లాగి, ముల్లుని నాలుగు నిమిషాలు ముందుకు తిప్పి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.